మిరప కల్లంలో మార్షల్ లా

మా ఊళ్ళో మార్షల్ లా శుక్రవారం సాయంత్రం వచ్చి, ఆదివారం సాయంత్రానికి పోయింది. దానివల్ల ఊరికి ఒరిగిందీ లేదు, ఊరు పోగొట్టుకున్నదీ లేదు. పోతే నాదే పోవాలి, నా గేదెదే పోవాలి. ఏ చట్టం వచ్చినా ముందు మా గుమ్మమే వెతుక్కుంటూ వస్తుంది.

మాది మార్టూరుకీ చీరాలకీ నడుమ ఉన్న ఊరు. చుట్టూ మిరప, పత్తి. కోతలు మొదలైతే కాయంతా ఊరి బయట ఉమ్మడి కల్లంలో ఆరబోస్తాం. చీమకుర్తి గ్రానైటు లారీల వాళ్ళు దారిలో ఆగి, ఎర్ర తివాచీ పరిచినట్టుందని ఫోటోలు తీసుకుంటారు. వాళ్ళకేం, దూరం నుంచి చూస్తారు. దగ్గరికొస్తే తుమ్ములు, తగాదాలు. నీ టార్పాలిన్ నా జాగాలోకి వచ్చిందని ఒకడు, నీ మోటారు సైకిలు నా కాయల మీద నుంచి పోయిందని ఇంకొకడు. ఈ ఏడు మబ్బులు కూడా తోడయ్యాయి. ఆకాశం మీద కోపమంతా పక్కవాడి మీద తీర్చుకోవడం మాకు అలవాటు.

అందుకని కల్లానికి ఒక కమిటీ పెట్టి, దానికి ప్రెసిడెంటుగా శ్యామ్ సుందర్‌ని ఎన్నుకున్నారు. ఎన్నుకోవడమంటే, మిగతావాళ్ళందరూ తప్పుకున్నారు. శ్యామ్ సుందర్ నాతో పాటు ఐదో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చున్నవాడు. నేను ఆరులో బడి మానేసి పొలం పోయాను, వాడు పది గట్టెక్కి మిలట్రీకి పోయాడు. అక్కడ స్టోర్సులో బూట్లు పంచి, పెన్షన్‌తో తిరిగొచ్చాడు. తుపాకీ ఎప్పుడన్నా పేల్చాడో లేదో నాకు తెలీదు గానీ, మనిషి నడక విని బూటు సైజు చెబుతాడు. మా ఊళ్ళో అందరూ చెప్పులేసుకుంటారు కాబట్టి ఆ విద్య మూలన పడింది.

ఆ వారం టీవీలో ఏదో దేశం వార్త వచ్చింది. అక్కడి పెద్దాయన రాత్రి మార్షల్ లా పెట్టి, తెల్లారేసరికి ఎత్తేశాడట. పెట్టడం చేతకాక అలా అయిందని శ్యామ్ సుందర్ తేల్చాడు. మర్నాడు సాయంత్రం, కూరగాయల బండివాడి మైకు అడిగి తీసుకుని, కల్లం మధ్యలో డ్రమ్మెక్కి ప్రకటించాడు. ఇప్పటి నుంచి కల్లంలో మార్షల్ లా అమల్లో ఉంటుంది. ఇంటికి ఒక్కరే లోపలికి రావాలి. బళ్ళు కంచె బయట పెట్టాలి. ఈల వేస్తే ఉన్నచోట నిలబడాలి. మాట మీరినవాళ్ళకి కోర్టు మార్షల్.

ఆ మాటలకి అర్థమేమిటని ఒక్కరూ అడగలేదు. నాలాంటి చదువులేని వాడు అడిగితే, వీడికి తెలీదురోయ్ అంటారు. డిగ్రీ చదివినవాడు అడిగితే, వీడికీ తెలీదా అంటారు. అందుకని అందరం కలిసి చప్పట్లు కొట్టాం.

నిజం చెప్పాలంటే మొదట్లో బానే నడిచింది. ఎదుటివాడి చేత గుంజీలు తీయిస్తుంటే ఏ చట్టమైనా బానే ఉంటుంది. అందరికంటే ఎక్కువ సంబరపడింది కోటేశ్వరమ్మ గారు. ఆవిడ కాయలు కల్లానికి సరిగ్గా మధ్యలో ఉంటాయి, ఆవిడ నోరు కల్లమంతటా ఉంటుంది. ఇన్నాళ్ళకి ఊరికో మగాడు దొరికాడని మైకు లేకుండానే అందరికీ వినిపించింది.

శనివారం మధ్యాహ్నం మా గేదె గుంజ పీక్కుంది.

దాని పేరు దెబోరా. పేరు పెట్టింది మా ఆవిడ జయకుమారి. బైబిల్లో న్యాయాధిపతి పేరు గేదెకి పెట్టడమేమిటమ్మా అని పాస్టరు గారు అడిగితే, తీర్పు చెప్పినట్టు తల ఊపుతుంది గదయ్యగారూ అంది. ఆ దెబోరా గుంజతో సహా కల్లంలోకి నడిచి వెళ్ళి, ఈల వేసినా నిలబడక, ఊళ్ళో ఇంతమంది కాయలుండగా కోటేశ్వరమ్మ గారి కాయల మీదికే వెళ్ళి, అక్కడ తాను చేయదలచుకున్న పనులన్నీ చేసి, ఆనక పడుకుంది.

నేను వెళ్ళేసరికి దాన్ని కల్లం పక్క రేకుల షెడ్డులో కట్టేసి, తలుపుకి తాళం వేశారు. పాతకాలంలో పొలాల్లో పడ్డ పశువుల్ని తోలడానికి ఊరికి బందెలదొడ్డి ఉండేది. దాన్ని ఎప్పుడో కూలగొట్టి పాలకేంద్రం కట్టారు. ఇప్పుడు షెడ్డే బందెలదొడ్డి. శ్యామ్ సుందర్ దాని ముందు కుర్చీ వేసుకుని, ఖాకీ నిక్కరుతో, మెళ్ళో ఈలతో కూర్చున్నాడు.

"ఒరేయ్ శ్యామూ, గేదెని విప్పరా. పాలు తీసే వేళయింది" అన్నాను.

"గేదె కస్టడీలో ఉంది. సోమవారం పొద్దున కోర్టు మార్షల్."

"గేదెకి కోర్టు మార్షలేంట్రా?"

"గేదెకి కాదు, నీకు. గేదె సాక్షి."

జరిగిన నష్టానికి ఏం చేయమంటే అది చేస్తానన్నాను. సోమవారం చెప్పుకోమన్నాడు. పోనీ జయకుమారిని పంపిస్తాను, పాలన్నా తీసుకుపోతుందన్నాను. నిర్బంధంలో ఉన్నవాళ్ళని బయటివాళ్ళు కలవకూడదన్నాడు. పాలు తానే పితుకుతానన్నాడు. మిలట్రీలో అన్నీ చేశాంరా అన్నాడు.

ఇక్కడ దెబోరా సంగతి చెప్పాలి. పోయిన ఈతలో దానికి దూడ దక్కలేదు. దూడ లేని గేదె పాలు చేపడం మహా కష్టం. పొదుగు నిండా ఉంటాయి గానీ కిందికి దిగనివ్వదు. మా గేదె ఒక్క జయకుమారికే చేపుతుంది. ఆవిడ దాని పక్కన కూర్చుని, పాత చిలకపచ్చ చీర కట్టుకుని, సన్నగా కీర్తన పాడుతుంటే కళ్ళు మూసుకుని ఇచ్చేస్తుంది. మా ఆవిడ పుట్టింటికి వెళ్ళిన రోజుల్లో నేనూ ఆ చీర చుట్టుకునే కూర్చుంటాను. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మా ఇల్లు నడిచేది ఆ పాల మీదే. రెండు పూటలు తీయకపోతే పొదుగు గట్టిపడి వాస్తుంది. వాచిందంటే ఒట్టిపోయినట్టే, మళ్ళీ ఈనేదాకా చుక్క రాలదు.

ఇదంతా చెప్పాను. శ్యామ్ సుందర్ వినలేదు. బకెట్టు తీసుకుని లోపలికెళ్ళాడు. ఎంతోసేపు కాలేదు, బకెట్టు ఒక్కటే బయటికొచ్చింది. ఆ వెనక శ్యామ్ సుందర్ తొడ పట్టుకుని వచ్చాడు. తన్నలేదనీ, కాలు మార్చుకుందనీ చెప్పాడు.

ఆదివారం పొద్దున కూడా అంతే. రేకుల సందులోంచి చూశాను. పొదుగు రాయిలా ఉంది. గేదె నన్ను చూసి అరిచింది. ఇంటికొస్తే జయకుమారి పొయ్యి వెలిగించలేదు, చర్చికి తయారై కూర్చుంది.

"నేను ప్రార్థన చేసొస్తా. నువ్వు వెళ్ళి చట్టం ఏంటో కనుక్కురా. ఇద్దరిలో ఎవరికన్నా జవాబొస్తుంది" అంది.

చీరాలలో నాకు తెలిసిన లాయరు లక్ష్మీనరసింహం గారు. మా గట్టు తగాదా కేసు ఆయన దగ్గరే ఉంది. ఎన్నాళ్ళ నుంచి ఉందంటే, ఆ గట్టు ఇప్పుడు లేదు. ఇంటికి వెళ్తే మనవరాలిని తీసుకుని వాడరేవు వెళ్ళారన్నారు. బండి అటు తిప్పాను.

ఆదివారం కదా, వాడరేవు నిండా జనం. ఎండుచేపల వాసన దాటుకుని వెళ్తే, లాయరు గారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నీళ్ళల్లో నిలబడి ఉన్నారు. నల్లకోటు లేకపోతే ఆయన మామూలు మనిషి కంటే చిన్నగా ఉంటారు. పక్కన మనవరాలు అమూల్య ఇసుకతో మేడ కడుతోంది. కట్టిన దాన్ని ఎవరూ తాకకూడదని నాకు ముందే చెప్పింది.

విషయమంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వుంటే నాకు ఇంకొంచెం గౌరవం కలిగేది. ఎందుకంటే ఆయన నవ్వు ఆపుకుంటున్నట్టు కనిపిస్తోంది.

"చూడవయ్యా ఎలీషా. ఇది కలెక్టరాఫీసు అనుకో" అని అమూల్య కట్టిన మేడ చూపించారు. "ఈ పక్కది పోలీస్ స్టేషను. అదిగో, గవ్వ పెట్టింది చూశావా, అది కోర్టు. ఇవి మూడూ ఉన్నంతకాలం ఎవరికీ మార్షల్ లాతో పని లేదు."

అంతలో అల వచ్చింది. కలెక్టరాఫీసు, స్టేషను, కోర్టు మూడూ కలిసిపోయాయి.

"ఇదిగో, ఇప్పుడు వస్తుంది మార్షల్ లా. ప్రభుత్వ యంత్రాంగం మొత్తం ఇలా చేతులెత్తేస్తే, సైన్యం వచ్చి పరిపాలన తన చేతిలోకి తీసుకుంటుంది. దాన్నే మార్షల్ లా అంటారు" అన్నారు.

అమూల్య ఏడుపు అందుకుంది. తాతయ్య చూపించబట్టే అల వచ్చిందని దాని వాదన. ఆయన ఇసుక తవ్వి మళ్ళీ కలెక్టరాఫీసు కడుతూనే మిగతాది చెప్పారు. మన రాజ్యాంగంలో మార్షల్ లా అనే మాట ఉంది గానీ, దానికి అర్థం ఎక్కడా రాయలేదట. అర్థం లేకుండా మాట పెట్టినందుకు నాకేం ఆశ్చర్యం కలగలేదు, మా ఊరు చూసినవాణ్ణి. కోర్టు మార్షల్ అంటే వేరేనట. సైనికుడు తప్పు చేస్తే సైనికులే కూర్చుని విచారించేది. అది మిలట్రీవాళ్ళకి వర్తించే చట్టం, మిరపకాయల వాళ్ళకి కాదు. ఎమర్జెన్సీ అంటే రాష్ట్రపతి ప్రకటించేది. అందులో ప్రభుత్వమూ ఉంటుంది, కోర్టులూ ఉంటాయి, కొన్ని హక్కులు మాత్రం పక్కన పెడతారు. కర్ఫ్యూ అంటే గడప దాటొద్దనడం. నూట నలభై నాలుగు అంటే గుంపుగా చేరొద్దనడం. ఇప్పుడు దాని నెంబరు మారిందట, జనం మాత్రం పాత నెంబరుకే భయపడుతున్నారట.

"మరి మనిషిని అన్యాయంగా కట్టేస్తే విడిపించే కాయితం ఏదో ఉంటుందంటారే" అన్నాను.

"హెబియస్ కార్పస్. పట్టుకున్న మనిషిని తెచ్చి మా ముందు నిలబెట్టండి అని హైకోర్టు అడుగుతుంది. మనిషిని, ఎలీషా. గేదెని నిలబెడితే రిజిస్ట్రారు ఊరుకోడు."

మరి నా గేదె ఏ చట్టం కింద ఉందని అడిగాను. పశువుల బందె కింద ఉందన్నారు. దానికి ఇంగ్లీషు దొరల కాలం నుంచి చట్టం ఉందట. బందెలో పెట్టినవాడే మేత వేయాలి, నీళ్ళు పెట్టాలి, పశువు బాగోగులు చూడాలి. పొదుగు చెడిపోతే ఆ పాపం కట్టేసినవాడిదే.

ఆ ముక్క వాడికి చెప్పమని ఫోను కలిపి ఇచ్చాను. లాయరు గారు చాలా మర్యాదగా మాట్లాడారు. మీరు సర్వీసులో ఉన్నారా అని అడిగారు. లేనని అవతల్నుంచి వినిపించింది. మరి సైన్యం లేకుండా సైనిక పాలన ఎలా పెట్టారని అడిగారు. తర్వాత పొదుగు సంగతి, కట్టేసినవాడి బాధ్యత సంగతి చెప్పారు. అప్పుడు మాత్రం శ్యామ్ సుందర్ చాలాసార్లు 'సార్' అన్నాడు.

నేను ఊళ్ళోకి వచ్చేసరికి విప్పేసి ఉంటాడనుకున్నాను. మనిషి మీద ఇంకా అంత నమ్మకం మిగిలినందుకు నన్ను నేనే తిట్టుకోవాలి. వాడు మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గేదెని వదలడం కుదరదట. సివిలియన్ ఫోను వచ్చిందని మార్షల్ లా ఎత్తేస్తే, రేపటి నుంచి కోటేశ్వరమ్మ గారి అల్లుళ్ళు ట్రాక్టర్లతో సహా కల్లంలోకి దిగుతారట. జయకుమారిని లోపలికి రానివ్వడమూ కుదరదట. దేవుడొచ్చినా వదలనని మైకులో చెప్పేశాడట.

"అందుకని చెల్లెమ్మా, ఆ చీర ఒకసారి ఇయ్యి" అన్నాడు, నేలచూపులు చూస్తూ.

జయకుమారి వాడి వంక చూసింది, నా వంక చూసింది. లోపలికెళ్ళి తీగ మీద నుంచి చీర తెచ్చింది. దక్కకుండా పోయిన దూడని పుట్టినప్పుడు ఆ చీర కొంగుతోనే తుడిచింది. ఆ రోజు నుంచి ఆ చీర నీళ్ళు చూడలేదు. వాసన అరుగు మొత్తానికి తెలిసింది.

"మా వదినకి చెప్పే వచ్చావా అన్నయ్యా?" అని మాత్రం అడిగింది. వాడు చీర చంకన పెట్టుకుని అరుగు దిగాడు.

సాయంత్రానికి ఊరంతా కంచె బయట ఉంది. ఇంటికొక్కరే లోపలికి రావాలని రూలు గాబట్టి లోపలికి ఎవరూ రాలేదు. బయట నిలబడకూడదని రూలు లేదు. ఖాకీ నిక్కరు మీద చిలకపచ్చ చీర చుట్టుకుని, మెళ్ళో ఈలతో శ్యామ్ సుందర్ షెడ్డు తలుపు తీశాడు. కొంగు భుజం మీద నిలవక జారుతుంటే, నడుముకి దోపమని వెనక నుంచి కోటేశ్వరమ్మ గారు సలహా ఇచ్చింది.

దెబోరా చీర వాసన చూసింది. తర్వాత వాడి మీసాలు చూసింది. వెనక్కి జరిగింది.

"పాడరా. పాట లేందే ఇవ్వదు" అని నేను కంచె ఇవతల్నుంచి అరిచాను.

వాడికి కీర్తనలు రావు. పాటలు కూడా రావు. కొంచెంసేపు ఆలోచించి, తనకి వచ్చింది మొదలుపెట్టాడు. చాలా మెల్లగా, పసిపిల్లని ఊయలలో ఊపినట్టు, లెఫ్ట్ రైట్, లెఫ్ట్ రైట్, లెఫ్ట్, అని.

నా బతుకులో అంత నెమ్మదైన కవాతు వినలేదు. దెబోరా చెవులు వాల్చింది. ముందు రెండు చుక్కలు, ఆ తర్వాత ధార. బకెట్టులో చప్పుడు బయటికి వినిపించింది. నా గుండెలో బరువు ఆ పాలతో పాటే కిందికి దిగింది. అబద్ధమెందుకు, నా కళ్ళు తడిశాయి. మిరప ఘాటు అని పక్కవాళ్ళతో చెప్పాను.

వాడు నిండు బకెట్టుతో, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని బయటికొచ్చాడు. కోటేశ్వరమ్మ గారు నవ్వలేక నేల మీద కూర్చుండిపోయింది. కాస్త ఊపిరి తీసుకుని, "ఒరేయ్ శ్యామూ, నా కాయలు పోతే పోయాయిలే. ఆ గేదెని వదిలెయ్. ఇంతకంటే కోర్టు మార్షల్ నేను చూడలేను" అంది.

శ్యామ్ సుందర్ ఈల వేశాడు. ఎవరూ నిలబడలేదు. ఇంకోసారి వేశాడు. ఇద్దరు కుర్రాళ్ళు మోటారు సైకిలు మీద కల్లం మధ్య నుంచి పోతూ చెయ్యూపారు. మార్షల్ లా ఎత్తేశామని మైకులో ప్రత్యేకంగా ప్రకటించాల్సిన అవసరం రాలేదు.

మిలట్రీవాడి క్రమశిక్షణ అంటే ఏమిటో నాకు సోమవారం పొద్దున తెలిసింది. దెబోరాని స్వయంగా తోలుకొచ్చి మా కొట్టంలో కట్టేశాడు. దానితో పాటు చీర కూడా తెచ్చాడు. ఎవరి దగ్గరన్నా వస్తువు తీసుకుంటే, తీసుకున్న దానికంటే శుభ్రంగా తిరిగివ్వాలట. రాత్రంతా సబ్బు నీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి తెచ్చాడు. మల్లెపూల వాసన.

జయకుమారి ఆ చీర ముక్కు దగ్గర పెట్టుకుని, దూడ వాసన కోసం మడత మడతా వెతికింది.

ఆ చీర కట్టుకుని వెళ్తే దెబోరా ఆవిడని ఎవరో పేరంటానికి వచ్చినామెని చూసినట్టు చూసింది. కీర్తన పాడింది. వినలేదు. రెండో కీర్తనకి కాలు జాడించింది. నేను వెళ్తే కొమ్ములు చూపించింది. పొదుగు మళ్ళీ బిగుస్తోంది. జయకుమారి నేల మీద కూలబడి, ఇక లాభం లేదు, వీడి మీద కేసు వేద్దామంది. నేను గట్టు కేసు గుర్తు చేశాను. అయినా సరే వేద్దామంది.

కేసు అనే మాట మా ఇంట్లో పుట్టి వాడి ఇంటికి చేరడానికి ఎంతో సమయం పట్టలేదు. శ్యామ్ సుందర్ తానే లాయరు గారికి ఫోను చేసుకున్నాడట. ఆయన చెప్పింది మా అరుగు మీదికొచ్చి మాకు చెప్పాడు. మార్షల్ లా పోయిన తర్వాత, ఆ రోజుల్లో శాంతిభద్రతల కోసం చేసిన పనులకి కేసులు పడకుండా పార్లమెంటు చట్టం చేసి కాపాడొచ్చట. దాన్ని ఇండెమ్నిటీ అంటారట.

"మరి పార్లమెంటుకి వెళ్ళు. ఇక్కడికొచ్చావేం" అన్నాను.

"ఈ విషయంలో పార్లమెంటు జయకుమారేనని లాయరు గారు చెప్పారు" అన్నాడు.

పార్లమెంటు కొట్టంలోంచి పేడచేతులతోనే బయటికొచ్చింది. ఎక్కువ చర్చ జరగలేదు. కేసు ఉండదు, చీర సంగతి మా ఇంట్లోంచి ఎవరూ ఎత్తరు. ఊరి నోటికి మాత్రం మా పూచీ లేదు. బదులుగా, చీర వాసన ఎలాగూ పోయింది గాబట్టి, దెబోరా మళ్ళీ ఆవిడకి అలవాటు పడేదాకా, రెండు పూటలా వచ్చి ఆ లెఫ్ట్ రైట్ ఏదో వాడే చెప్పాలి.

ఆ రోజు నుంచి తెల్లవారేసరికి ఠంచనుగా వస్తున్నాడు. కొట్టం గుమ్మంలో నిటారుగా నిలబడి, గోడకేసి చూస్తూ, మెల్లగా మొదలుపెడతాడు. జయకుమారి పాలు పితుకుతుంది. దెబోరా కళ్ళు మూసుకుంటుంది. నిన్న జయకుమారి కూడా వాడితో పాటు లెఫ్ట్ రైట్ అనడం మొదలుపెట్టింది. రాగం బాగుందంటోంది. పాస్టరు గారు అటుగా పోతూ ఆగి విని, తల ఊపుకుంటూ వెళ్ళిపోయారు.

వాడు వచ్చిన ప్రతిపూటా నేను టీ పెట్టాలి. గేదె నాది, పాలు నావి, నిర్బంధం అనుభవించింది నా వైపు వాళ్ళు, కాపాడబడ్డది వాడు. ఈ రోజు గ్లాసు అందిస్తే ఒక గుక్క తాగి, పంచదార తక్కువైందిరా అన్నాడు. డబ్బా తెచ్చి వాడి ముందు పెట్టాను. దెబోరా ఇంకా పాలు పూర్తిగా ఇవ్వలేదు మరి.